ఒక్క అంకణం చోటు

నాలుగు వైపులకు పట్టాలు, నాలుగు వైపులకు రోడ్లు, ఒక విమానాశ్రయం, బ్యాటరీల నుంచి టీవీల దాకా తయారుచేసే ఫ్యాక్టరీలు. ఇన్ని ఉన్న రేణిగుంటలో ఇడ్లీ బండి పెట్టుకునే మనిషికి మాత్రం నాది అనుకునే ఆరడుగుల నేల లేదు.

తెల్లారకముందే రేణిగుంట జంక్షన్‌లో వినబడే మొదటి మాట ఒక ప్రశ్న. "తిరుపతి ఇదేనా?" కింది బెర్తు మీద పడుకున్న పెద్దాయన లేచి, కిటికీ పైకెత్తి, పసుపు బోర్డు మీద పేరు చదువుకుని, అయినా నమ్మకం కుదరక మళ్లీ అడుగుతాడు. "రేణిగుంట సామీ ఇది. తిరుపతికి పోవాలంటే ఈడే దిగాల" అంటాడు టీ క్యాను మోసుకొచ్చిన మనిషి. ముంబయి–చెన్నై మెయిల్ లాంటి బండ్లు తిరుపతి ఊళ్లోకి పోవు. రేణిగుంటలో ఆగి, పుత్తూరు వైపు సాగిపోతాయి. అందుకని షోలాపూర్ నుంచో రాయచూరు నుంచో ఆ బండ్లలో కొండకు వచ్చేవాళ్లు మొదట కాలు మోపేది ఇక్కడే. మొక్కు తీర్చుకుని, నున్నటి గుండ్లకు గంధం పూసుకుని, లడ్డూ సంచి ఒళ్లో పెట్టుకుని తిరుగు బండి కోసం ఎదురుచూసేదీ ఇక్కడే.

విమానంలో వచ్చేవాళ్ల సంగతీ అంతే. టికెట్ మీద తిరుపతి అని ఉంటుంది. చక్రాలు తాకేది రేణిగుంట మండలం నేలను.

రేణిగుంట గురించి రాస్తున్నానంటే ఎవరైనా మొదట ఫ్యాక్టరీల లెక్క అడుగుతారు. ఎన్ని ఎకరాలు, ఎన్ని కోట్లు, ఎన్ని ఉద్యోగాలు. ఆ లెక్క అవసరమే, చెబుతాను. కానీ ఆ ఫ్యాక్టరీలకు పోయే మనిషికి పొద్దున అయిదున్నరకు వేడి ఇడ్లీ పెట్టేది ఎవరు, వాళ్లు ఎక్కడ నిలబడి పెడుతున్నారు, రేపు కూడా అక్కడే నిలబడగలరా అన్నది నాకు అంతకంటే ముఖ్యం. ఒక ఊరు ఎదిగిందా, వాచిందా అన్నది రోడ్డు పక్కన నిలబడితే తెలిసినంతగా శిలాఫలకాల దగ్గర తెలియదు.

రైలు పెంచిన ఊరు

మద్రాసు రైల్వే కంపెనీ అరక్కోణం నుంచి వాయువ్యంగా వేసిన పట్టాలు పుత్తూరు, రేణిగుంట, కడప, గుంతకల్లు దాటి రాయచూరు చేరి, 1871లో బొంబాయి వైపు నుంచి వచ్చిన లైనుతో కలిశాయి. మద్రాసు నుంచి బొంబాయికి నేరుగా రైలు దారి అలా ఏర్పడింది. ఆ శతాబ్దం ముగిసేలోపు మీటరు గేజి పట్టాలు గూడూరు నుంచి శ్రీకాళహస్తి మీదుగా వచ్చి, ఇదే చోట ఆ పెద్ద లైనును తాకి, తిరుపతి, పాకాల వైపు వెళ్లాయి. రెండు కొలతల పట్టాలు కలిసిన చోట మనిషి ఒక బండి దిగి ఇంకో బండి ఎక్కాలి. బస్తాను ఒక పెట్టెలోంచి దించి ఇంకో పెట్టెలోకి ఎత్తాలి. ఆ దిగడానికీ ఎక్కడానికీ మధ్య గంటో రెండు గంటలో ఆగాలి. ఆగిన మనిషికి ఆకలేస్తుంది. మోసేవాడు, వండేవాడు, వడ్డించేవాడు అలా స్టేషను చుట్టూ చేరారు. అన్ని పట్టాలూ ఒకే గేజి అయి చాలా ఏళ్లు గడిచాయి. రేణిగుంటలో దిగి మారడం మాత్రం పోలేదు.

ఈ జంక్షన్ దేశానికి చేసిన ఒక మేలు చెప్పాలి. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో ప్రయాణికుల రైళ్లన్నీ ఆగిపోయినప్పుడు ఢిల్లీకి ఇక్కడి నుంచి పోయే పాలు కూడా ఆగే ప్రమాదం వచ్చింది. అంతవరకు పాల ట్యాంకర్లను ప్రయాణికుల బండ్లకు తగిలించి పంపేవారు. దక్షిణ మధ్య రైల్వే మార్చి 26న రేణిగుంట నుంచి హజ్రత్ నిజాముద్దీన్‌కు 'దూద్ దురంతో' పేరుతో ఒక ప్రత్యేక పాల బండిని బయల్దేరదీసింది. ఒక్కో ట్యాంకరులో 40 వేల లీటర్లు. ఆరు ట్యాంకర్లు కడితే ఒక్క బండికి 2 లక్షల 40 వేల లీటర్లు. తర్వాత కాలంలో ఆ బండి మోసిన పాలు కోట్ల లీటర్లకు చేరాయి. చిత్తూరు, మదనపల్లె, పీలేరు పల్లెల్లో ఆడవాళ్లు చీకటితో లేచి పాలు పితకడం తెలిసినవాళ్లకు ఆ బండి విలువ తెలుస్తుంది. ఊళ్లో మనుషులు గడప దాటలేని రోజుల్లో రేణిగుంట స్టేషను ఢిల్లీ పిల్లలకు పాలు పంపింది.

ఆరు గంటల బస్సు

పొద్దున అయిదున్నర. పాత చెక్‌పోస్టు దగ్గర వీధి దీపం కింద పదిమంది ఆడపిల్లలు నిలబడి ఉంటారు. మెడలో కంపెనీ కార్డు, భుజాన చిన్న బ్యాగు, అందులో మధ్యాహ్నం బాక్సు. తలలో పెట్టుకున్న మల్లెపూలు లోపలికి పోయేముందు తీసెయ్యాలి. కెమెరా భాగాలు చేసే గదుల్లోకి దుమ్ము, వెంట్రుక, పూరేకు ఏదీ పోకూడదు. తెల్ల కోటు, టోపీ, మాస్కు తొడుక్కుని, గాలి ఊదే గదిలో నిలబడి, అప్పుడు లోపలికి పోవాలి. వడమాలపేట, ఏర్పేడు, శ్రీకాళహస్తి పల్లెల నుంచి వచ్చి ఇక్కడ గదులు తీసుకున్నవాళ్లు కొందరు. రోజూ కంపెనీ బస్సులో ఊరి నుంచే వచ్చిపోయేవాళ్లు ఇంకొందరు. ఆరింటికి ఏ షిఫ్టు. మధ్యాహ్నం రెండింటికి బీ. రాత్రి పదింటికి సీ.

బస్సు రావడానికి పది నిమిషాలుందనగా బండి దగ్గర హడావుడి మొదలవుతుంది. "అక్కా, నాలుగిడ్లీ కట్టియ్యి." "నాకు పొంగలి, చట్నీ జాస్తిగా ఏసుకో." బండి అక్క చేయి ఆగదు. ఇడ్లీ పాత్ర మూత తీస్తే లేచే ఆవిరిలో ఆమె ముఖం కనబడదు, గొంతు మాత్రం వినబడుతుంది. సెనక్కాయల చట్నీ, ఎర్రకారం పూసిన దోసె, నెయ్యి వాసన తగిలీ తగలనట్టున్న పొంగలి. పచ్చిమిరపకాయలూ సెనక్కాయలూ కలిపి నూరిన ఊరిబిండి ఏ బండి మీదైనా కనబడిందంటే అది చిత్తూరు పల్లె నుంచి వచ్చిన చేయి అని తెలుసుకోవచ్చు. ఈ పిల్లల్లో చాలామందికి పొద్దుటి తిండి ఇంట్లో కాదు, ఇక్కడే. నాలుగింటికి లేచి బాక్సు కట్టుకునే పిల్ల అప్పుడే తినలేదు. ఫ్యాక్టరీలో మొదటి విరామం దాకా ఆగలేదు. మధ్యలో ఆమెను నిలబెట్టేది ఈ నాలుగు ఇడ్లీలు.

దేశం ఎగుమతుల లెక్క చెప్పేటప్పుడు ఇడ్లీ బండి లెక్కలోకి రాదు. వచ్చి తీరాలని నేనంటాను. ఆ బండి ఒక్క వారం లేకపోతే ఏ షిఫ్టు మొదటి రెండు గంటలు ఎలా నడుస్తాయో ఏ సూపర్‌వైజరునైనా అడగవచ్చు.

బస్సు వెళ్లిపోయాక రోడ్డు లారీలది. చెన్నై వైపు నుంచి పుత్తూరు మీదుగా వచ్చి మామండూరు అడవి దాటి కడపకు పోయేవి, తిరుపతి వైపు నుంచి వచ్చి నాయుడుపేట వైపు జాతీయ రహదారి పట్టేవి, అన్నీ ఈ ఊరి ఒళ్లోంచే పోవాలి. వాటి వెంట ఒక బజారు పెరిగింది: పంచరు షాపులు, వెల్డింగు, టింకరింగు, బ్యాటరీ చార్జింగు, పార్సిలు మీల్సు, సంగటి హోటళ్లు. మధ్యాహ్నం పన్నెండు దాటాక రాగిసంగటి ముద్ద మీద నాటుకోడి పులుసు పోసి ఇచ్చే చోట హర్యానా డ్రైవరూ తమిళనాడు డ్రైవరూ ఒకే బల్ల మీద కూర్చుంటారు. భాష కుదరకపోతే వేళ్లు చూపిస్తారు. ఈ బజారును ఎవరూ ప్రణాళిక వేసి కట్టలేదు. నాలుగు రోడ్లు కలిస్తే దానంతట అది పుట్టింది.

ఫోన్లు పోయాయి, టీవీలు వచ్చాయి

ఇప్పుడు ఫ్యాక్టరీల కథ. మొదటి పెద్ద అడుగు కరకంబాడిలో పడింది. గల్లా రామచంద్రనాయుడు అమెరికాలో ఇంజినీరుగా పనిచేసి తిరిగొచ్చి 1985లో అమరరాజా మొదలుపెట్టారు. రేణిగుంట–కడప రోడ్డు పక్కన తయారైన అమరాన్ బ్యాటరీ దేశమంతా కార్ల బానెట్ల కింద చేరింది. పల్లెల నుంచి కుర్రాళ్లను కంపెనీ బస్సుల్లో తీసుకొచ్చి, పని నేర్పి, నెల జీతం ఇచ్చి పంపడం ఈ ప్రాంతానికి అలవాటు చేసింది ఆ ఫ్యాక్టరీయే. అంతకుముందు ఇక్కడ యంత్రం అంటే గాజులమండ్యం సహకార చక్కెర మిల్లు. చెరకు సీజనులో రోడ్డు పక్క బండ్లు బారులు తీరేవి, గాలి తియ్యగా ఉండేది. ఆ మిల్లు మూతపడింది. చెరకు పండించే నేలలో కొంత ప్లాట్లయింది.

2015 అక్టోబరు 22న ప్రధాని నరేంద్ర మోదీ అమరావతి శంకుస్థాపనకు వచ్చిన రోజే తిరుపతి విమానాశ్రయంలో గరుడ టెర్మినల్‌ను ప్రారంభించి, ఎలక్ట్రానిక్స్ తయారీ కేంద్రానికి పునాది రాయి వేశారు. సెల్‌కాన్, మైక్రోమ్యాక్స్, కార్బన్, లావా అనే నాలుగు దేశీ ఫోన్ల పేర్లు అప్పుడు అందరి నోళ్లలో నానాయి. 2017 జూన్‌లో సెల్‌కాన్ ఫ్యాక్టరీ మొదలైంది కూడా. కానీ ఆ రెండు మూడేళ్లలోనే చైనా ఫోన్లు మార్కెట్టును ఊడ్చేశాయి. సెల్‌కాన్ కొత్త ఫోను ఇప్పుడు ఏ దుకాణంలో అడిగినా దొరకదు.

షెడ్లు మాత్రం ఖాళీగా పడి ఉండలేదు. డిక్సన్ టెక్నాలజీస్ టీవీలు, సీసీ కెమెరాలు బిగించే పని పెట్టింది. ఆ కెమెరాల పని తర్వాత కడప దగ్గర కొప్పర్తికి చేరింది. ఫాక్స్‌లింక్ ఆపిల్ ఫోన్ల చార్జింగు కేబుళ్లు చేసింది. 2023 ఫిబ్రవరి 27న అక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. లోపలున్నవాళ్లంతా ప్రాణాలతో బయటపడ్డారు. పని ఆగిపోయింది. ఆపిల్ కేబుళ్ల సరఫరా గురించి ప్రపంచంలోని వ్యాపార పత్రికలన్నీ రాశాయి. రేణిగుంట దగ్గర ఒక షెడ్డు కాలితే అమెరికాలో ఆపిల్ కేంద్రమైన క్యూపర్టినోలో కలవరపడే రోజులు వచ్చాయన్నమాట. ఏర్పేడు మండలం వికృతమాలలో టీసీఎల్ టీవీ ప్యానెళ్ల ఫ్యాక్టరీ పెట్టింది, దానికి 2018 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. విశాఖ–చెన్నై పారిశ్రామిక కారిడారులో ఏర్పేడు–శ్రీకాళహస్తి ఒక ప్రధాన కేంద్రం. ఐఐటీ తిరుపతి కూడా ఆ ఏర్పేడు వైపే స్థిరపడింది.

ఈ పదేళ్లలో పేర్లు ఎన్నిసార్లు మారాయో చూడండి. ఫోన్లన్నారు, టీవీలయ్యాయి. సీసీ కెమెరాలు వచ్చాయి, ఇంకో జిల్లాకు పోయాయి. ఇది ఎవరి తప్పూ కాదు, ఎలక్ట్రానిక్స్ వ్యాపారం నడక అదే. తమిళనాడు శ్రీపెరంబుదూరులో నోకియా ఫోన్ల ఫ్యాక్టరీ 2006లో మొదలై 2014 నవంబరు 1న ఆగిపోయింది. వేలమంది ఉద్యోగాలు పోయాయి. వాళ్లను నమ్ముకుని చుట్టుపక్కల వెలసిన హాస్టళ్లు, వ్యాన్లు, టిఫిను కొట్లు కూడా దెబ్బతిన్నాయి. ఒక కంపెనీ మీద ఊరిని నిలబెట్టకూడదు. కంపెనీ ఏదైనా, వచ్చినా పోయినా, ఊరికి మిగిలేవి కొన్ని ఉండాలి. రోడ్డు, కాలువ, నీడ, నడిచే దారి, అమ్ముకునే చోటు.

అంకణాల లెక్క

రేణిగుంటలో నేల కొలత అంకణం. బయటివాళ్లకు ఈ మాట తెలియదు. నెల్లూరులో అంకణం అంటే 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36. ఆరడుగులకు ఆరడుగులు. కరకంబాడి రోడ్డు మీద, పుత్తూరు రోడ్డు మీద, విమానాశ్రయం దారిలో ఎటు చూసినా వెంచర్ల బోర్డులు: ఇన్ని అంకణాలు, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అప్రూవ్డు, ఎయిర్‌పోర్టుకు ఇన్ని నిమిషాలు. రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర డాక్యుమెంటు రైటర్ల బల్లల ముందు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేల చేతులు మారుతుంటుంది. రాళ్లు పాతిన ప్లాట్లలో కంప చెట్లు మొలిచి, రాళ్లు కనబడకుండా పోయి, మళ్లీ అమ్ముడవుతాయి.

ఇప్పుడు ఒక బండిని కొలవండి. నాలుగు చక్రాల తోపుడు బండి, దాని పక్కన గ్యాసు సిలిండరు, నీళ్ల డ్రమ్ము, కూర్చోవడానికి రెండు ప్లాస్టిక్ స్టూళ్లు. అన్నీ కలిపితే ఆరడుగులకు ఆరడుగులు. సరిగ్గా ఒక్క అంకణం. వేల అంకణాలు గీసి, రాళ్లు పాతి, అమ్మిన ఊళ్లో ఆ ఒక్క అంకణం మాత్రం ఏ మ్యాపులోనూ లేదు.

లేనందువల్ల జరిగేది ఇది. బండి కాలువ మీద పెట్టాలి. కాలువ మీద బండ పడితే కిందకు చెత్త పోతుంది, తీసే దారి ఉండదు. ఈశాన్య రుతుపవనాలు ఈ సీమకు అక్టోబరు, నవంబరుల్లో వస్తాయి. ఊరి పేరులోనే గుంట ఉంది, నీళ్లు నిలవడం ఈ నేలకు కొత్త కాదు. 2021 నవంబరు 18న తిరుపతి మీద కురిసిన వాన మర్చిపోయే వాన కాదు. రేణిగుంటలో దిగాల్సిన విమానాలను వెనక్కి మళ్లించారు. మర్నాడు అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట, నందలూరు వైపు రైలు కట్ట కొట్టుకుపోయింది. అంత వాన రోజూ రాదు. కానీ మామూలు కార్తీక మాసపు జల్లుకే మోకాలి లోతు నీళ్లలో నిలబడి దోసె పోయాల్సిన పరిస్థితి ఏటా వస్తుంది. కాలువను మింగింది బండి అని అధికారులంటారు. పక్కన అంకణం ఉంటే బండి కాలువెక్కదు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా ముందు చెట్టు పోతుంది, వెనకే బండి పోతుంది. చెట్టు మళ్లీ రాదు. బండి మర్నాడో మూడో రోజో ఇంకో మూల తేలుతుంది, ఈసారి ఇంకా ఇరుకు చోట, వాహనాలకు ఇంకా దగ్గరగా.

పెట్టుబడి సంగతి కూడా చెప్పాలి. రోజువారీ ఫైనాన్సు అందరికీ తెలిసిందే. పదివేలు అప్పు అంటారు, చేతికి తొమ్మిది వేలు వస్తాయి, వంద రోజుల పాటు రోజుకు వంద కట్టాలి. పైకి చూస్తే వెయ్యి రూపాయల వడ్డీయే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తగ్గుతూనే ఉంటుంది కాబట్టి ఆ వంద రోజుల్లో సగటున బండి అక్క చేతిలో ఉండేది నాలుగున్నర వేలే. దాని మీద వెయ్యి. ఏడాది లెక్కన నూటికి ఎనభై వడ్డీ. విమానాశ్రయానికి కూతవేటు దూరంలో, బ్యాంకుల ఏటీఎంలు వరసగా మెరిసే రోడ్డు మీద జరుగుతున్న వ్యవహారం ఇది.

పట్నం కాని పట్నం

బండి అక్కకు బ్యాంకు అప్పు, అమ్ముకునే హక్కు ఎందుకు రావు అన్న ప్రశ్నకు జవాబు కాగితాల్లో ఉంది. ఓపిగ్గా చదవమని పాఠకులను కోరుతున్నాను. ఊరి బతుకంతా ఇందులో ఇరుక్కుని ఉంది.

2011 జనగణనలో రేణిగుంట జనాభా 26 వేలు దాటింది. జనగణన శాఖ దాన్ని 'సెన్సస్ టౌన్' అని రాసుకుంది. అయిదు వేలకు పైగా జనం ఉండి, చదరపు కిలోమీటరుకు నాలుగు వందలకు తగ్గకుండా జనసాంద్రత ఉండి, పనిచేసే మగవాళ్లలో నూటికి డెబ్బై అయిదు మంది సేద్యం కాని పనుల్లో ఉంటే ఆ ఊరు పట్నం లక్షణాలున్న ఊరని లెక్క. లక్షణాలే, హోదా కాదు. పాలన మాత్రం పంచాయతీదే. పట్నం ట్రాఫిక్కు, పట్నం చెత్త, పట్నం అద్దెలు. సిబ్బంది, డబ్బు మాత్రం పల్లెవి.

డబ్బు అంటున్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ వాడల్లో ఆస్తిపన్ను వసూలు చేసేది పంచాయతీ కాదు, 'ఐలా' అనే ప్రత్యేక వ్యవస్థ. వసూలైనదాంట్లో సుమారు మూడోవంతే స్థానిక సంస్థకు వస్తుంది, మిగతాది వాడలోనే ఖర్చవుతుంది. వాడ లోపల రోడ్లు, దీపాలు బాగుండటానికి అది పనికొస్తుంది. కానీ ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి వాడలో కాపురం ఉండదు. ఆమె గది ఊళ్లో ఉంది, ఆమె నీళ్లు, చెత్త, వీధి దీపం ఊళ్లో ఉన్నాయి. ఆ బరువు పంచాయతీ నెత్తిన ఉంది.

వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది, ఆ ఏడాది మే 1 నుంచి అమల్లో ఉంది. మంచి చట్టం. అయిదేళ్లకోసారి వీధి వ్యాపారులను సర్వే చెయ్యాలి. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. చోటు మార్చాలంటే ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. టౌన్ వెండింగ్ కమిటీలో నూటికి నలభై మందికి తగ్గకుండా వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు. ఇంత చక్కగా రాసిన చట్టం స్థానిక సంస్థ అంటే నగరపాలక సంస్థ, పురపాలక సంఘం, నగర పంచాయతీ, కంటోన్మెంటు అని చెబుతుంది. గ్రామ పంచాయతీ పేరు అందులో లేదు. తిరుపతిలో బండి పెట్టుకున్న మనిషికి ఉన్న రక్షణ పది కిలోమీటర్ల ఇవతల అదే బండికి లేదు.

బ్యాంకు అప్పు సంగతీ మొన్నటిదాకా అంతే. 2020 జూన్‌లో మొదలైన పీఎం స్వనిధి పట్టణాల వీధి వ్యాపారుల పథకం. అయితే 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం దాన్ని మార్చింది. మొదటి విడత అప్పు పదివేల నుంచి 15 వేలకు, రెండోది 25 వేలకు పెరిగాయి. మూడోది 50 వేలు. సకాలంలో కట్టినవాళ్లకు ఏడు శాతం వడ్డీ రాయితీ ఉంది. రేణిగుంటకు అన్నిటికంటే ముఖ్యమైన మార్పు వేరే ఉంది: పథకాన్ని దశలవారీగా సెన్సస్ టౌన్లకు కూడా విస్తరిస్తారు. ఏళ్ల తరబడి ఎందుకూ పనికిరాని ఆ 'సెన్సస్ టౌన్' ముద్ర మొదటిసారి ఊరికి అక్కరకొచ్చింది. నూటికి ఎనభై వడ్డీ కట్టే అక్క బ్యాంకు గడప ఎక్కే అవకాశం వచ్చింది. ఆమెను ఎవరో ఒకరు జాబితాలో రాయాలి, అంతే.

ఇక ఫ్యాక్టరీ ఆడపిల్లలు ఉండే హాస్టళ్ల విషయంలో తమిళనాడు ఒక దారి చూపింది, అది కూడా దెబ్బ తిన్న తర్వాతే. 2021 డిసెంబరులో శ్రీపెరంబుదూరు ఫాక్స్‌కాన్‌లో పనిచేసే అమ్మాయిలు హాస్టల్ భోజనం తిని జబ్బుపడ్డారు. తోటివాళ్లు చెన్నై–బెంగళూరు రహదారి మీద కూర్చున్నారు. ఫ్యాక్టరీ కొన్నాళ్లు ఆగింది. ఆ తర్వాత ప్రభుత్వ సంస్థ సిప్‌కాట్ వల్లం వడగాల్‌లో 18,720 మంది ఆడవాళ్లు ఉండగలిగే వసతి సముదాయం కట్టింది. 2024 ఆగస్టులో దాన్ని ప్రారంభించారు. మనం దెబ్బ తినేదాకా ఆగనక్కర్లేదు. రేణిగుంట, ఏర్పేడు మధ్య పనిచేసే ఆడపిల్లలకు శుభ్రమైన గది, గదికి దగ్గర్లో బస్సు ఆగే నీడ, రాత్రి పదింటికి సీ షిఫ్టుకు నడిచి పోయే దారిలో దీపం కావాలి. ఇవేవీ పెద్ద ఖర్చు పనులు కావు.

సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది

ఈ మూడు గంటలు ఊరు ఊరిలా ఉంటుంది. రమణవిలాస్ కూడలి నుంచి స్టేషను దాకా నడిస్తే, నడవగలిగితే, మనిషికి మనిషి తగులుతాడు. బీహారు కుర్రాడి పానీపూరీ బండి చుట్టూ తెలుగు పిల్లలు, తెలుగాయన చికెన్ పకోడా బండి చుట్టూ ఒడిశా కార్మికులు. "భయ్యా, కారం తక్కువ" అని ఒకరు, "అన్నా, తీఖా జాదా" అని ఇంకొకరు. గోబీ మంచూరియా పెనం మీద గరిటె మోత. మూర లెక్కన అమ్ముడయ్యే కనకాంబరాలు. సగం ధరకు దిగిన టమాటాలు. ఏ షిఫ్టు నుంచి ఇల్లు చేరి, ముఖం కడుక్కుని, కొత్త పూలు పెట్టుకుని బయటికొచ్చిన అవే అమ్మాయిలు. పొద్దున్నే ఇడ్లీ తిన్న బండి ఇప్పుడు బజ్జీల బండి. అదే అక్క. ఆమె లేచి పద్నాలుగు గంటలైంది.

ఆ గుంపులోంచే ఆటోలు, వాటి పక్కనుంచి లారీలు, వాటి మధ్య సూటుకేసు ఈడ్చుకుంటూ స్టేషను వెతుక్కునే యాత్రికులు. పిల్లను చంకనేసుకున్న తల్లి రోడ్డు దాటడానికి ఎంతసేపు నిలబడాలో నిలబడి చూశాను. ఈ రోడ్డు మీద నడిచేవాళ్లకంటూ విడిచిన జానెడు నేల లేదు. విమానం ఎక్కేవాడికి, రైలు ఎక్కేవాడికి, లారీ తోలేవాడికి దారి ఉంది. నడిచేవాడికి లేదు. ఇంత సంపద దాటిపోయే ఊళ్లో ఇది అన్యాయం.

గ్రేటర్ తిరుపతి నగరపాలక సంస్థ వస్తుందని, రేణిగుంట అందులో కలుస్తుందని కొన్నేళ్లుగా వింటున్నాం. కలిస్తే కలవనివ్వండి. అంతవరకు ఆగాల్సిన పని లేదు. తర్వాతి జనగణన లెక్కలు 2027 మార్చి 1 నాటికి తీస్తారు. దానికంటే ముందే పంచాయతీ తన లెక్క తాను తీసుకోవచ్చు. సర్పంచి, మండల అధికారి, పోలీసు, ఒక బ్యాంకు మేనేజరు కలిసి ఒక పొద్దున, ఒక సాయంత్రం పాత చెక్‌పోస్టు నుంచి స్టేషను దాకా నడవండి. ప్రతి బండినీ, బండి వెనక మనిషినీ రాసుకోండి. జాబితాను పంచాయతీ ఆఫీసు గోడకు అంటించండి, ఒక ప్రతి బ్యాంకుకు పంపండి. కాలువకు ఇవతల, నడిచే దారికి అవతల, ఒక్కొక్కరికి ఆరడుగులకు ఆరడుగులు తెల్ల సున్నంతో గీసి, నంబరు వేసి ఇవ్వండి.